బాగున్నానంటావేం బావా!

"అప్పీలు పెట్టాలట!" అన్నాను గుమ్మంలో గొడుగు దులుపుతూ.

"ఆపిలు పెట్టాలా?" అంది లోపల మంచం మీంచి అత్తయ్య. "కోసి పెట్టాలా, ఉడకబెట్టి పెట్టాలా?"

అత్తయ్య అంటే మా బావ తల్లి. ఆవిడ చెవుల్లో ఒకటి ఎప్పుడో రిటైరైపోయింది. రెండోది తనకి బుద్ధి పుట్టినప్పుడే డ్యూటీకి వస్తుంది.

"ఆపిలు కాదత్తయ్యా, అప్పీలు. పై అధికారులకి పెట్టేది."

"వాళ్ళకెందుకురా? నొప్పి మావాడికైతే?"

"అబ్బ, తినేది కాదు. మన మాట మళ్ళీ వినమని అడిగేది."

"సర్లే, నీ వేళాకోళాలు నా దగ్గరా?" అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

అక్కాబావలతోపాటే నేనూ ఉండే ఆ ఇంట్లో నా మాటకున్న పరపతి అది. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడికి పోతుందో చెప్పడం నా ఉద్యోగం. పగలంతా మాటలు తిన్నగా మాట్లాడి విసుగెత్తి, ఇంటికొచ్చాక వాటిని విరిచి, మెలితిప్పి, తిరగేసి అతికిస్తూ ఉంటాను. దాంతో నేను నిజం చెప్పినా ఇందులో మెలిక ఎక్కడుందా అని వెతకడం మావాళ్ళకి అలవాటైపోయింది.

అక్క మాత్రం వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడకి మాట సరిగ్గానే వినబడింది.

"అంటే, ఇవ్వనన్నారా?"

"ఇవ్వనన్నారు. చెయ్యి బాగుచెయ్యండి మహాప్రభో అంటే, చెయ్యిచ్చారు."

అక్క నవ్వలేదు. గుమ్మం దగ్గర నా గొడుగులోంచి కారిన నీళ్ళని చూస్తూ నిలబడింది.

బావ పెయింటరు. బ్రష్షు పట్టిన చెయ్యి దించకుండా ఇంటికి ఇల్లు పూర్తిచేసే మనిషి. ఆ ఎండాకాలం చివర్లో ఎవరిదో హాలు సీలింగుకి రంగు వేస్తుంటే కుడి భుజంలో ఏదో టప్పుమంది. స్కూటర్ని ఎడం చేత్తో తోసుకుంటూ ఇంటికొచ్చి "బాగానే ఉంది, కాస్త పట్టేసింది" అన్నాడు. ఆస్పత్రి డాక్టరు ఫోటోలు తీయించి చూసి, ఎముకని పట్టి ఉంచే పట్టీ తెగిందన్నాడు. వానలు వెళ్ళేలోగా దాన్ని కుట్టెయ్యాలి, ఆలస్యమైతే అది వెనక్కి ముడుచుకుపోతుంది, ఆ తర్వాత కుట్టినా పట్టదు, ఇక ఆ చెయ్యి పైకి లేవదు అన్నాడు.

సగం గోడ దాకానే రంగు వేసే పెయింటర్ని ఎవరు పిలుస్తారు? బయట చేయించుకుందామంటే ఇల్లు అమ్మాలి. ఇల్లు మాది కాదు. అయినా అందరం నిశ్చింతగానే ఉన్నాం, ఎందుకంటే ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు ఉంది. బీమా ఉందన్న ధీమా అది. ఆస్పత్రివాళ్ళు కాగితాలు పైకి పంపారు. పైనుంచి ఈ తిరస్కారం వచ్చింది.

"నమస్కారం పెడితే తిరస్కారం ఏమిటమ్మా?" అని ఆ ఉదయం ఆస్పత్రి బీమా కౌంటరు దగ్గర అడిగాను. అక్కడ కూర్చున్న అమ్మాయికి నా మాటలు అలవాటే, తన ఊరి బస్సు నేను ప్రకటించేదే.

ఆ అమ్మాయి తెర మీద చూసి చదివింది. "విచారణ ఆఫీసు నుంచి రోగికి ఫోను చేశారండీ. ఎలా ఉన్నారని అడిగితే బాగున్నానని చెప్పారట. పనికి వెళ్తున్నారా అంటే వెళ్తున్నానన్నారట." కాస్త ఆగి, నవ్వు ఆపుకుంటూ, "ఫోను చేసినవాళ్ళ ఇంట్లో అందరూ బాగున్నారా అని కూడా అడిగారట" అంది.

అదీ మా బావ. వాన వచ్చినా వరద వచ్చినా, ఎవరైనా ఎలా ఉన్నారంటే బాగున్నానంటాడు. పెయింటరు చెయ్యి పోయిందని ఒక ఇంట్లో తెలిస్తే వీధంతా తెలుస్తుంది, వీధికి తెలిస్తే పని రాదు అని ఒక లెక్క. ఆ లెక్క లేకపోయినా అలాగే అంటాడు లెండి. పనికి వెళ్తున్న మాట కూడా నిజమే. కింద గోడలు ఎడం చేత్తో తనే వేసి, పైవి తోటివాళ్ళ చేత వేయిస్తున్నాడు.

"నెల రోజుల్లోగా అప్పీలు పెట్టండి. ఇంటికొచ్చి చూస్తారు, తర్వాత బోర్డు ముందుకి పిలుస్తారు" అని చెప్పి పంపింది కౌంటరమ్మాయి. "ఆయన్ని మాత్రం బాగున్నానని అనొద్దని చెప్పండి."

అప్పీలు పెట్టాం. ఈలోగా ఆపిళ్ళు మొదలయ్యాయి.

మా అత్తయ్య అరుగు మీద కూర్చుని దారినపోయే ప్రతివాళ్ళకీ చెప్పింది. "మావాడి చేతికి ఆపిలు పెట్టాలన్నారు. పెడితేగానీ ఆపరేషన్ చెయ్యరట." ఎదురింటి టైలరు మర్నాడే రెండు పళ్ళు తెచ్చాడు. తర్వాత ఇస్త్రీ ఆయన, పక్క వీధి లెక్కల మాస్టారు, బావ ఎప్పుడో గేటుకి రంగు వేసిన రిటైర్డు నర్సమ్మ. నేను అందరికీ గుమ్మంలోనే చెప్పబోయాను. "ఆపిలు కాదండీ, అప్పీలు" అనగానే, "మీరు భలేవారండీ" అని నా భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయేవారు.

వచ్చినవాళ్ళు కూర్చుని, పండు బల్ల మీద పెట్టి, "ఎలా ఉంది?" అనేవారు.

"బాగుందండీ" అనేవాడు బావ.

లాభం లేదని సాయంత్రాలు శిక్షణ మొదలుపెట్టాం. నేను కుర్చీలో అధికారిలా కూర్చున్నాను. బావ ఎదురుగా స్టూలు మీద. అక్క పక్కన నిలబడింది, చేతిలో గరిటె.

"ఎలా ఉన్నారు?"

"బాగున్నానండీ."

"బావా!"

"నోటికి అలా వచ్చేస్తోందిరా. మళ్ళీ అడుగు."

"ఎలా ఉన్నారు?"

బావ చాలాసేపు ఆలోచించాడు. మొహం ఎర్రబడింది. "ఏదో... ఇలా ఉన్నానండీ."

"శభాష్! ఇంకొంచెం దిగు."

"మీరెలా ఉన్నారు?"

"నన్నెందుకు అడుగుతావ్ బావా? నేను అధికారిని!"

"అధికారయితే మాత్రం, మనిషి కాదా?"

అక్క గరిటెతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా మేమిద్దరం అక్కడే, ఆ ఒక్క మాట దగ్గరే ఉన్నాం.

విచారణకి బీమా ఆఫీసు ఆయన వస్తాడన్న రోజు పొద్దుటినుంచీ ముసురు. అక్క ఇల్లంతా సర్దింది. బావకి ఇస్త్రీ చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, తల దువ్వి, పౌడరు అద్దింది.

"పెళ్ళిచూపులా అక్కా? కాస్త రోగిలా ఉండనియ్యి" అన్నాను.

"ఇంటికి మనిషొస్తుంటే ఎలా పడితే అలా కూర్చుంటారా?" అంది.

ఆయన తడిసిన సంచీ చంకలో పెట్టుకుని వచ్చాడు. మంచివాడే. కాఫీ తాగాడు, అత్తయ్య బలవంతం మీద ఆపిలు ముక్క కూడా తిన్నాడు. నేను ఆయన్ని నవ్వించే పనిలో ఉన్నాను. అధికారిని దువ్వడం నా బాధ్యత అనుకున్నాను. ఇంతలో ఆయన మా గోడకేసి చూసి, "మా ఇంట్లోనూ ఇంతేనండీ, వాన పడితే చెమ్మ. ఎన్ని రంగులు వేసినా నిలవదు" అన్నాడు.

అయిపోయింది. బావ లేచాడు.

"పైపైన రంగు వేస్తే ఏం నిలుస్తుందండీ? చెమ్మ ఎక్కడ మొదలైందో చూడాలి. ఇదిగో, ఇక్కడ మొదలైందా..." అంటూ కుడి చేతి వేళ్ళు గోడకి ఆనించాడు. వేళ్ళు సాలీడులా ఒకటి తర్వాత ఒకటి పైకి పాకాయి. నడుము, ఛాతీ, భుజం, తల. "ఇదిగో, ఇక్కడిదాకా వచ్చింది చూడండి. ముందు దీన్ని గోకెయ్యాలి" అంటూ తలకి మూరెడు ఎత్తున వేలు పెట్టి చూపించాడు.

సంచీ ఆయన ఆ గోడనీ, ఆ చేతినీ చూశాడు. పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు.

ఆయన వెళ్ళాక అడిగాను. "చెయ్యి పైకెలా వెళ్ళింది బావా?"

"చెయ్యి వెళ్ళలేదురా. వేళ్ళు నడిచాయి, అది వెంట వెళ్ళింది. గోడ లేకపోతే ఎక్కడ లేస్తుంది?"

"గోడు చెప్పుకోమంటే గోడ గురించి చెప్పావు కదయ్యా!"

బావ నవ్వాడు. అక్క మాత్రం ఖాళీ కాఫీ గ్లాసులు తీస్తూ ఆగిపోయింది.

"అందరికీ బాగున్నాననే చెప్పండి" అంది, గ్లాసులతోనే మాట్లాడుతున్నట్టు. "టైలరుకీ చెప్పండి, ఫోనులో వాళ్ళకీ చెప్పండి. రాత్రి అటు తిరగలేక మూలుగుతుంటే వినేదాన్ని నేనొక్కదాన్నేగా. అది ఎవరికీ కనబడకూడదు మీకు."

బావ తల వంచుకున్నాడు. దువ్విన జుట్టు, తిన్నని పాపిడి, పౌడరు మరకతో, తప్పు చేసి దొరికిపోయిన పెళ్ళికొడుకులా ఉన్నాడు. నేను ఆ పోలిక పైకి అనలేదు.

బోర్డు ముందుకి రమ్మని కబురొచ్చేసరికి వానలు పలచబడుతున్నాయి. ఆకాశం తెరిపిచ్చినప్పుడల్లా అందరూ సంతోషిస్తుంటే, అక్క మబ్బులకేసి ఆశగా చూసేది. డాక్టరు చెప్పిన గడువు వానలతోపాటే కదా పోయేది.

విచారణ గదిలో పొడుగాటి బల్ల. దాని వెనక పెద్ద మేడం, పక్కన కళ్ళజోడు ముక్కు మీదికి జారిన డాక్టరు, రాసుకునే గుమాస్తా. రోగీ, ఇంట్లోవాళ్ళు ఒకరూ మాత్రమే మాట్లాడాలన్నారు. అక్క మాట్లాడుతుందని రాయించుకున్నాం. మిగిలినవాళ్ళు వెనక బెంచీ మీద మౌనంగా కూర్చోవాలి. మిగిలినవాళ్ళంటే నేనే. మైకు మనిషికి మూగనోము.

పెద్ద మేడం ఫైలు తిప్పింది. "ఫోనులో బాగున్నానన్నారు. ఇంటికొచ్చి చూసినాయన, చెయ్యి తల పైదాకా లేస్తోందని రాశారు. డాక్టరుగారేమో ఆపరేషన్ కావాలంటున్నారు. మేం ఎవర్ని నమ్మాలి?" అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "సరే, మీరే చెప్పండి. ఎలా ఉన్నారు?"

ఇన్ని సాయంత్రాల శిక్షణ. నేను బెంచీ అంచు పట్టుకున్నాను.

"బాగున్నానండీ" అన్నాడు బావ. "మీరు..."

అక్క ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. బావ ఆగిపోయాడు.

"చెయ్యి పైకి ఎత్తగలరా?" అడిగాడు డాక్టరు.

"ఎత్తుతానండీ" అని లేచి, పక్కనున్న గోడ దగ్గరికి వెళ్ళి, వేళ్ళు ఆనించాడు. సాలీడు మళ్ళీ బయల్దేరింది. గుమాస్తా రాసుకుంటున్నాడు. మా బావ చేతులెత్తేసే మనిషి కాదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. కర్మ కాకపోతే, ఆ రోజు ఎత్తకుండా ఉంటే చాలనిపించింది.

గోడ మీది ఫ్యాను సరిగ్గా అక్కడికే వీస్తోంది. పొద్దున వానకి తడిసి ఆరిన బావ జుట్టు లేచి కళ్ళలో పడింది. ఆయన ఉఫ్‌మని పైకి ఊదుకున్నాడు. మళ్ళీ పడింది. మళ్ళీ ఊదుకున్నాడు.

"ఒక్క నిమిషం అండీ" అంది అక్క. ఇంటికొచ్చిన చుట్టాలతో అన్నట్టే అంది. లేచి, చేతిసంచిలోంచి దువ్వెన తీసి, బావ దగ్గరికి వెళ్ళింది. ఆయన మామూలుగా తల వంచాడు. ఆవిడ మామూలుగా గడ్డం పట్టుకుని, పాపిడి తీసి, అటు దువ్వి ఇటు దువ్వి, జారిన కాలరు సరిచేసి, ఊడిన గుండీ పెట్టింది. అధికారుల ముందు చింపిరి తలతో నిలబడ్డాడే అన్న చింత తప్ప ఆవిడ మనసులో ఇంకేమీ లేదని నేను ఇప్పటికీ ప్రమాణం చేస్తాను.

డాక్టరు కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు.

"ఆయన దువ్వుకోరా అమ్మా?"

"ఎక్కడండీ, చెయ్యి తల దాకా వస్తేగా? ఎండాకాలం నుంచీ నేనే."

"చొక్కా?"

"నేనేనండీ."

"అన్నం?"

"ఎడం చేత్తో చెంచాతో తింటారు. ఎవరైనా వస్తే ఆకలి లేదంటారు."

గుమాస్తా రాయడం ఆపాడు. పెద్ద మేడం అతనికేసి తిరిగి, "రాసుకోండి" అంది.

డాక్టరు లేచి బల్ల ఇవతలికి వచ్చాడు. "ఆ గోడ వదిలేసి ఇలా గది మధ్యకి రండి. అమ్మా, ఆ దువ్వెన ఆయనకివ్వండి."

బావ దువ్వెన కుడిచేత్తో తీసుకున్నాడు. ఎత్తాడు. అది ఛాతీ దాకా వచ్చి ఆగింది. భుజం మొత్తం పైకి లేచింది గానీ చెయ్యి రాలేదు. మొహమ్మీద ఆ ఎప్పటి నవ్వు కాసేపు అలాగే ఉంది. తర్వాత పోయింది.

"ఎలా ఉన్నారు?" అని డాక్టరు మెల్లగా అడిగాడు.

బావ అక్కకేసి చూశాడు.

"బాగుండటం లేదండీ" అన్నాడు.

ఆ సమయానికి నా నోట్లో దువ్వెన మీద మంచి మెలిక ఒకటి తయారుగా ఉంది. ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు. అక్క దువ్వెన తీసుకుని సంచిలో పెట్టుకుంది.

ఆపరేషన్ మంజూరైంది. "ఆపరేషన్ అంటే ఆపేసేదనుకున్నా, చేసేది కూడానా!" అని కౌంటరు దగ్గర నేను అరిచిన అరుపుకి, బస్సు వచ్చిందనుకుని ఎవరో సంచులు సర్దుకున్నారట. చివరి వానలు కురుస్తుండగా పట్టీ కుట్టారు. బావ చాలా వారాలు చేతికి గుడ్డ ఉయ్యాల కట్టుకుని తిరిగాడు. తర్వాత వ్యాయామాలు. పళ్ళు బిగించి, చెమటలు కక్కుతూ, ఈసారి గోడ సాయం లేకుండా.

గోడలన్నీ ఎండిన ఒక ఉదయం దువ్వెన తనే అందుకున్నాడు. ఛాతీ దాటింది. గడ్డం దాటింది. తల మీద ఆనింది. ఒక్కసారి గీశాడు.

"పాపిడి వంకర" అంది అక్క, దువ్వెన లాక్కుని. బావ కాదనలేదు. చెయ్యి బాగయ్యాక కూడా రోజూ ఆవిడ ముందు తల వంచుకుని కూర్చోవడం మానలేదు.

ఆ ఆదివారం చూడ్డానికి అందరూ వచ్చారు. టైలరు, ఇస్త్రీ ఆయన, మాస్టారు, నర్సమ్మ. అందరి చేతుల్లోనూ అవే.

"చూశారా, పళ్ళ మహిమ!" అన్నాడు టైలరు. "మందులకి లొంగనిది ఆపిలుకి లొంగింది. మా బావమరిదికి మోకాలు నొప్పి, వాడికీ ఇదే మొదలుపెట్టించాను."

ఇక నా వల్ల కాలేదు. స్టూలెక్కి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, బస్టాండు గొంతు తీశాను.

"ప్రయాణికులకు ముఖ్య గమనిక! ఈ ఇంట్లో పెట్టింది ఆపిలు కాదు, అప్పీలు! ప్రభుత్వం ఇవ్వనన్న దాన్ని మళ్ళీ ఇవ్వమని పై అధికారుల్ని అడగడాన్ని అప్పీలు అంటారు! మా అత్తయ్యకి అది పండులా వినబడింది! భుజాన్ని కుట్టినది డాక్టరు, చెట్టు కాదు! కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం!"

టైలరు చేతిలో పండుకేసి చూసుకున్నాడు. మాస్టారు అత్తయ్యకేసి చూశారు.

"నాకెప్పుడో తెలుసు" అంది అత్తయ్య, తాపీగా. "ఆ సంచీ ఆయన ముక్క తింటున్నప్పుడు కోడలు చెవిలో చెప్పింది."

"తెలిసీ చెప్పలేదా అత్తయ్యా? వానాకాలమంతా?"

"ఆపిళ్ళు వస్తుంటే ఆపడమెందుకురా?"

ఇల్లు గొల్లుమంది. నా ఇంట్లో, నా ముందు, నా సరుకుతో నన్నే కొట్టింది ఆవిడ. నేను స్టూలు దిగాను.

"నవ్వకండి" అంది అత్తయ్య. "వీడెప్పుడూ బాగున్నానంటాడు. బాగున్నవాణ్ణి చూడ్డానికి ఎవరొస్తారు? ఊరికే రావాలంటే మీకు మొహమాటం. పండు పెట్టాలన్నాననుకోండి, పండు పట్టుకునైనా వస్తారు. వచ్చారుగా?"

టైలరు తను తెచ్చిన పళ్ళని బల్ల మీద పెట్టి, బావ పక్కన కూర్చున్నాడు.

"సరే, ఇప్పుడెలా ఉంది?"

బావ నోరు తెరిచాడు. ఆ మాట ఎక్కడ పుట్టి ఎక్కడికొచ్చి ఆగిందో నాకు కనబడింది. ఆయన అక్కకేసి చూసి, భుజం కాస్త కదిపి చూసుకున్నాడు.

"కొంచెం నొప్పిగానే ఉందండీ" అన్నాడు.

అక్క మొహం వెలిగిపోయింది.

"ఏమంటున్నాడు?" అంది అత్తయ్య, చెవి ఒగ్గి.

"నొప్పిగా ఉందంటున్నారు అత్తయ్యా."

"ఉండదూ మరి?" అంది ఆవిడ. "ఇంకోటి కోసి పెట్టు."